నడక బాట మీద కలుపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

తొలకరి పడ్డ పది రోజులకల్లా కంకర బాటలు పచ్చబడతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే. నగర వనాలు, పల్లె ప్రకృతి వనాలు, చెరువు గట్లు, కొండ పాదాల దగ్గర జనం నడిచే బాటల్లో కలుపును ఏం చేయాలని చాలామంది అడిగారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఆరింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా కాలనీ పక్కన అటవీ పార్కులో మొరం బాట ఉంది. ఏటా జూలై చివరికల్లా అంచుల వెంట వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది. ఆగస్టు 15 దగ్గర్లో మా వాకర్స్ సంఘం వాళ్లమంతా శ్రమదానం చేసి పీకేస్తున్నాం. అయినా మరుసటి ఏడు మళ్లీ అంతే. ఎక్కడ పొరపాటు చేస్తున్నాం?
— వాకర్స్ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: పొరపాటు మీరు ఎంచుకున్న తేదీలో ఉంది. వయ్యారిభామ మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. జూన్ రెండో వారంలో వానలు పడితే జూలై మధ్యకల్లా తెల్లపూలు కనిపిస్తాయి. ఆగస్టు 15కు మీరు పీకే మొక్క అప్పటికే గింజ రాల్చి ఉంటుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క పది వేలకు పైగా గింజలు ఇవ్వగలదు. పైగా పీకిన మొక్కలను బాట మీదుగా ఈడ్చుకుపోతే మిగిలిన గింజ కూడా దారి పొడవునా పడుతుంది. అంటే ఆ రోజు మీరు వచ్చే ఏటికి విత్తనం వేస్తున్నారు.

శ్రమదానాన్ని రెండుగా విడగొట్టండి. మొదటిది తొలి గట్టి వాన పడిన మూడో వారంలో పెట్టుకోండి. అప్పటికి మొక్క జానెడు లోపే ఉంటుంది, ఆకులు క్యారెట్ ఆకుల్లా నేలకు పరచుకుని ఉంటాయి, నేల తడిగా ఉంటుంది కాబట్టి వేరు మొత్తం వస్తుంది. రెండోది అక్కడి నుంచి నాలుగు వారాలకు. మొదటిసారి తప్పిపోయినవీ, ఆ తర్వాతి వానలకు మొలిచినవీ అప్పుడు దొరుకుతాయి. సెప్టెంబరు చివర ఒకరిద్దరు బాటంతా నడిచి పూతకు వచ్చినవాటిని ఏరేస్తే చాలు. నేలలో పాతుకుపోయిన గింజ కొన్నేళ్లపాటు బతికే ఉంటుంది కనుక మొదటి ఏడు తేడా పెద్దగా కనబడదు. రెండో ఏడు నుంచి కనబడుతుంది.

పీకేటప్పుడు మొక్కను నేలకు ఆనుకుని ఉన్న చోట, వేరు మొదలు దగ్గర పట్టుకోవాలి. కొడవలితో పైన కోస్తే మొదట్లోంచి నాలుగు పిలకలు వేస్తుంది, అవి ఇంకా త్వరగా పూస్తాయి. చేతులకు రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈ మొక్క తగిలితే కొందరికి చర్మం దద్దుర్లతో మండుతుంది. పదే పదే తగిలేకొద్దీ అది ముదురుతుంది కూడా, ఈ ఏడు ఏమీ కాలేదు కదా అని వచ్చే ఏడు ఉత్త చేతులతో దిగకూడదు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారిని ఈ పనిలో పెట్టకండి, వారికి ఆకులు ఊడ్చే పని ఇవ్వండి.

పూత రాని మొక్కలను కంపోస్టు గుంతలో వేయొచ్చు. పూసినవాటిని మాత్రం అక్కడికక్కడే సంచిలో వేసి, మూతి కట్టి, బయటికి తీసుకుపోయి కనీసం రెండడుగుల మట్టి కింద పూడ్చాలి. అటవీ పార్కులో వాటికి నిప్పు పెట్టే ఆలోచనే వద్దు.

ఆకులు జల్లెడలా తూట్లు పడి, వాటి మీద గోధుమ గీతలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే వాటిని చంపకండి. అవి జైగోగ్రామా పురుగులు. వయ్యారిభామను తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు, అక్కడి నుంచి వ్యాపించాయి. వానాకాలంలోనే పనిచేస్తాయి, ఎండలకు మట్టిలో దాక్కుంటాయి. అవి ఒక్కటే చాలవు కానీ మంచి సహాయకులు.

పీకిన తర్వాత అంచును నున్నగా చెక్కి వదిలేయడం మీరు చేస్తున్న రెండో పొరపాటు కావచ్చు. ఖాళీ నేల వయ్యారిభామకు పిలుపు లాంటిది. గడ్డి కమ్ముకున్న చోట దాని మొలకకు వెలుతురు అందక నిలదొక్కుకోవడం కష్టం. అంచున ఉన్న మామూలు గడ్డిని పీకకుండా అరజానెడు ఎత్తున కోసి ఉంచండి.

ఇంకో మాట. మీది కేబీఆర్ పార్కు లాంటి జాతీయ పార్కు అయితే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా ఏ మొక్కనూ తీయకూడదు. కలుపు కదా, మంచి పనే కదా అనుకోవద్దు. ఇతర అటవీ పార్కుల్లోనైనా రేంజ్ అధికారికి ముందుగా రాసి, ఏ మొక్క, ఏ బాట, ఏ తేదీ అన్నది తేల్చుకుని దిగండి. సిబ్బంది ఒకరు పక్కనుంటే కలుపనుకుని మంచి మొక్కలు పీకే ప్రమాదమూ తప్పుతుంది.

ప్రశ్న: మా దగ్గర కొండ పాదం వెంట బాట వేసినప్పుడు కలుపు రాకూడదని కింద నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన మూడు అంగుళాల కంకర పోశారు. రెండేళ్లు బాగుంది. ఇప్పుడు తుంగ గుచ్చుకుని పైకి వస్తోంది, మిగతా కలుపూ వస్తోంది. పట్టా నాసిరకమా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పట్టా ఎంత మంచిదైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కంకర బాటలో కలుపు చాలావరకు కింద నుంచి రాదు. పై నుంచి వస్తుంది. రాలిన ఆకు నలిగి, చెప్పుల మట్టి చేరి, గాలి దుమ్ము పడి, కంకర సందుల్లో ఏడాదికేడాది ఒక పలుచని నేల తయారవుతుంది. గాలికి ఎగిరొచ్చిన గింజ అందులో పడి మొలుస్తుంది. పట్టా దాని కింద ఉంది కాబట్టి ఆపేది ఏమీ లేదు. మొదటి రెండేళ్లు బాగుండటానికి కారణం పట్టా కాదు, కంకర అప్పుడు శుభ్రంగా ఉండటం.

పట్టా వల్ల నష్టాలు మాత్రం ఉన్నాయి. నీరు కిందికి ఇంకదు, వాలు మీద కంకర పట్టా మీదుగా జారిపోతుంది, ఎండకు పెళుసెక్కిన అంచులు ముక్కలై అడవిలోకి కొట్టుకుపోతాయి. మొక్కల వేళ్లు దాని మీదే అల్లుకుంటాయి కనుక పీకడమూ కష్టమే.

తుంగ సంగతి వేరు. నిజంగా కింద నుంచి వచ్చేది అదే. దాని మొలక సూదిలా ఉంటుంది, ప్లాస్టిక్ పట్టాను తేలిగ్గా పొడుచుకుని వస్తుంది. నేలలో దుంపలు దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉంటాయి, ఎక్కువ భాగం పై ఆరు అంగుళాల లోపే. ఆకు పట్టుకుని లాగితే దుంప కిందే ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది. ఒక చిగురు తీస్తే పక్క దుంపలు మేల్కొంటాయి కూడా, అందుకే పీకిన కొద్దీ చిక్కబడినట్టుంటుంది.

దారి రెండు రకాలు. తుంగ అక్కడక్కడా గుంపులుగా ఉంటే, ఏప్రిల్ చివర్లో ఆ మేరకు కంకర పక్కకు లాగి, పట్టా కోసి తీసేసి, గడ్డపారతో జానెడు లోతు పెకలించి, పెడ్డలు పగలగొట్టి ఎండకు పరవండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగవేస్తూ రెండు మూడు వారాలు ఎండనిస్తే దుంప ఎండి చస్తుంది. రైతులు వేసవి దుక్కులు దున్నేది ఇలాంటి మొండి కలుపును ఎండబెట్టడానికే. మధ్యలో వాన పడితే దుంపలను చేత్తో ఏరేయాలి. ఆ మట్టిని మరో బాట గుంతలు పూడ్చడానికి మాత్రం వాడకండి, తుంగ కొత్త చోట్లకు చేరే దారుల్లో అదొకటి. బాటంతా తుంగే అయితే తవ్వకం కుదరదు. వానాకాలమంతా రెండు వారాలకోసారి, గట్టిగా మూడు వారాలు దాటకుండా, మొలకను నేల మట్టానికి చెక్కుతూ పోవాలి. మూడు నాలుగు వారాలు దాటనిస్తే మొక్క కొత్త దుంపలు కట్టడం మొదలుపెడుతుంది, అంతకుముందు చేసిన శ్రమంతా పోతుంది. విడవకుండా రెండు సీజన్లు చేస్తే దుంపల్లో దాచుకున్న బలం తగ్గిపోతుంది. తుంగకు నీడ గిట్టదు, బాట పక్కన చెట్లు గొడుగు పట్టేకొద్దీ అది తనంతట తనే పలచబడుతుంది.

మిగతా పట్టాను ఒకేసారి పీకక్కర్లేదు. కంకర మార్చే సమయం వచ్చినప్పుడు తీసేయండి.

ప్రశ్న: మా ఊరి పల్లె ప్రకృతి వనంలో బాట సుమారు 300 మీటర్లుంటుంది. కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు. గడ్డి మందు కొట్టిద్దామంటున్నారు. కొందరు ఉప్పు నీళ్లు చాలంటున్నారు, వెనిగర్ కొట్టమని ఒకరు చెప్పారు. ఏది మేలు?
— పంచాయతీ కార్యదర్శి, కరీంనగర్ జిల్లా

జవాబు: మీరు గడ్డి మందు అన్నది గ్లైఫోసేట్ అనుకుంటాం. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన ఉత్తర్వు, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (చీడపీడల నివారణే వృత్తిగా చేసేవారు) తప్ప వేరెవరూ దాన్ని వాడకూడదని చెప్పింది. ఊళ్లో స్ప్రేయర్ ఉన్న మనిషిని పిలిచి కొట్టించడం కుదరదు. చట్టం అలా ఉంచినా, కంకర బాటకు అది సరిపడే మందు కాదు. మట్టి మీద పడితే మట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచుతాయి. రాతి మీద పడినది అలాగే ఉండి, తర్వాతి వానకు కాలువలోకో కుంటలోకో పోతుంది. ఆ మందుల్లో కలిపే జిగురు ద్రావకాల్లో కొన్ని తోకకప్పలకు విషం. ఇక బాట పక్క ఆకుల మీద ఎప్పుడూ దుమ్ము పేరుకుని ఉంటుంది. దుమ్ము గ్లైఫోసేట్‌ను పట్టేసి నిర్వీర్యం చేస్తుంది, బురద నీళ్లు కలిపినా అంతే. కాబట్టి కొట్టిన డబ్బుకు ఫలితం కూడా రాదు. పిల్లలు పరిగెత్తే చోట, గాలి వీస్తే పక్కనే నాటిన మొక్కల మీద పడే చోట ఇన్ని ఇబ్బందులు పెట్టుకుని దాన్ని ఎందుకు వాడాలి? పారాక్వాట్ అనే మరో గడ్డి మందు సంగతైతే చెప్పనే అక్కర్లేదు, మింగితే దానికి విరుగుడు మందు లేదు. అది వనం గేటు లోపలికే రాకూడదు.

ఉప్పు నీళ్ల సలహా బంజరు భూముల్లో వయ్యారిభామ కోసం చెప్పేది, లీటరు నీటికి 200 గ్రాములు. లెక్క వేసి చూడండి. 15 లీటర్ల ట్యాంకుకు మూడు కిలోల ఉప్పు. మీ 300 మీటర్లకు రెండు అంచులూ తడపాలంటే ఆరేడు ట్యాంకులైనా పడతాయి, అంటే ఒక్క విడతకే ఇరవై కిలోలు. ఆకు మాడుతుంది, నిజమే. కానీ ఆ ఉప్పంతా వానకు పక్కనున్న మొక్కల వేళ్ల దగ్గరికే చేరుతుంది. మీరు నీళ్లు పోసి పెంచిన వేప, కానుగ మొక్కలకు అది మంచిది కాదు. అంచు మట్టి గట్టిపడి నీళ్లు ఇంకడం కూడా తగ్గుతుంది.

కిరాణా కొట్టు వెనిగర్‌లో ఆమ్లం నాలుగైదు శాతమే. రెండాకుల మొలకను మాడుస్తుంది, అంతకు మించి ఎదిగినదాన్ని ఏమీ చేయలేదు. గరిక, తుంగ వారంలో లేస్తాయి. వేడి నీళ్లు మాత్రం మెట్ల సందులకు, బెంచీల దిమ్మెల చుట్టూ బాగా పనిచేస్తాయి. మరిగే నీళ్లు మొక్క మొదట్లో పోయాలి, నడిచేవాళ్లు లేని వేళ. బాట మొత్తానికి అది అయ్యే పని కాదు.

కూలీల కొరతకు విరుగుడు పనిని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడం. మొలక రెండు నుంచి నాలుగు ఆకులప్పుడు దాన్ని పీకనక్కర్లేదు, కదిలిస్తే చాలు. మీ బాట విడి చిప్స్ (సన్న కంకర) పోసినదైతే, ఐదడుగుల వెడల్పు చైన్‌లింక్ కంచె ముక్క తీసుకోండి. ముందు అంచుకు ఒక ఇనుప యాంగిల్ కట్టండి, మీద రెండు ఇటుకలు బిగించండి, తాడుతో ఇద్దరు లాగండి. చిప్స్ దొర్లుతాయి, మొలకల వేళ్లు బయటపడతాయి, ఎండకు మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి. వాన వెలిసిన రెండో మూడో రోజు, ఎండ కాసే ఉదయం చేయాలి. వాన పడుతుండగా చేస్తే కదిలిన మొలక పక్కనే మళ్లీ వేరూనుకుంటుంది. వానాకాలంలో మూడు వారాలకోసారి లాగితే పెద్ద కలుపు తీసే పనే ఉండదు.

మొరం కొట్టి గట్టి చేసిన బాట అయితే ఈ కంచె ముక్క వాడకండి. పైన కట్టిన గట్టి పొర చిట్లుతుంది, చిట్లిన చోటల్లా కొత్త కలుపు మొలుస్తుంది. అక్కడ దోకుడు పారను దాదాపు పడుకోబెట్టి, అర అంగుళం లోతు మించకుండా పైపైన చెక్కాలి. లేచిన మట్టిని తడిపి దిమ్మిసతో కొట్టేయాలి.

అసలు చాలామంది పట్టించుకోని పని ఊడ్చడం. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాలడం అయ్యాక ఒకసారి, తొలకరికి వారం ముందు ఒకసారి, కొబ్బరి ఈనెల చీపురుతో బాట ఊడ్చి ఆకును వాలు వైపు చెట్ల కిందికి నెట్టండి. ఆకు అక్కడ ఎరువవుతుంది. బాట మీద ఉంటే కలుపుకు నేలవుతుంది. సుబాబుల్ చెట్లున్న చోట ఎండిన కాయలను తప్పకుండా ఊడ్చి ఏరేయాలి. దాని మొలక జానెడు లోపు ఉన్నప్పుడు చేత్తో వస్తుంది, ఆ తర్వాత తల్లివేరు దిగిపోతుంది, కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

ప్రశ్న: చెట్ల మధ్య బాటలో చెప్పుల్లేకుండా నడవడం మాకు అలవాటు. ఈమధ్య పల్లేరు కాయలు విపరీతం. ఎలా వదిలించుకోవాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పల్లేరు చూడ్డానికి భయపెడుతుంది కానీ వదిలించుకోవడం తుంగ కన్నా సులువు. ఎంత పెద్దగా పరుచుకున్నా అన్ని తీగలూ ఒకే వేరు నుంచి వస్తాయి. మధ్యలో ఆ వేరును వెతికి, నేలకు అంగుళం కింద తెంపితే మళ్లీ రాదు. పసుపు పూలు కనిపించగానే తీయాలి. కాయ పచ్చిగా ఉన్నా మొక్కను అక్కడ వదలొద్దు, చాప చుట్టినట్టు అంచుల నుంచి మధ్యకు చుట్టి సంచిలో వేయండి. ఇప్పటికే రాలిన కాయలకు చీపురు పనిచేయదు, ముళ్లు కంకరలో ఇరుక్కుంటాయి. పాత కార్పెట్ ముక్కో, మందపాటి స్పాంజి పరుపు ముక్కో నేల మీద పరిచి, దాని మీద నడిచి ఎత్తండి. కాయలన్నీ దానికి గుచ్చుకుని వస్తాయి. మూడు నాలుగు సార్లు చేస్తే బాట శుభ్రపడుతుంది. కాయలో గింజలు కొన్నేళ్లు ఉంటాయి కాబట్టి వచ్చే రెండు మూడు వానాకాలాలు ఆ మేర గమనిస్తూ ఉండాలి.

సర్కారు తుమ్మ పిలకలున్నాయేమో కూడా చూసుకోండి, దాని ముల్లు చెప్పును కూడా దాటుతుంది. నేల మట్టానికి నరికితే గుబురుగా లేస్తుంది. చిగురించే కణుపులు నేల లోపల ఉంటాయి కాబట్టి జానెడు లోతు తవ్వి, అక్కడ నరకాలి.

ప్రశ్న: కొత్తగా 100 మీటర్ల బాట వేయబోతున్నాం. ఎర్ర నేల, కొంచెం వాలు. మొదటి నుంచే కలుపు తక్కువ రావాలంటే ఎలా వేయాలి, ఎంత సరుకు కావాలి?
— నగర వనం పనులు చూసే ఇంజనీరు, అనంతపురం

జవాబు: ముందుగా వెడల్పు తగ్గించండి. ఇది అందరికీ రుచించే మాట కాదు, మూడు మీటర్ల బాట ఫొటోలో బాగుంటుంది. కానీ బాటను కలుపు నుంచి కాపాడేది అన్నిటికన్నా ఎక్కువగా మనుషుల పాదాలు. జనం నడిచే మధ్య మేర ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది, నడవని అంచుల్లోనే కలుపు. ఉదయం, సాయంత్రం ఓ మాదిరి జనం వచ్చే చోట ఒకటిన్నర మీటర్లు చాలు, ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు. అంతకు మించి పరిచిన ప్రతి అడుగూ కలుపుకు మీరు వదిలిన చోటే.

ఆ వెడల్పులో 15 సెంటీమీటర్ల పైమట్టి తీసేయండి. గింజలు, తుంగ దుంపలు ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ మట్టిని బాట అంచునే గట్టుగా పోయడం మామూలుగా జరిగే తప్పు, మొదటి వానకే అది కంకరలోకి దిగుతుంది. దూరంగా, వాలుకు దిగువన వేయించండి. అడుగు నేలను తడిపి రోలరో ప్లేట్ కాంపాక్టరో తిప్పి గట్టి చేశాక, 40 మిల్లీమీటర్ల కంకర, డస్టు (క్రషర్ రాతి పొడి) కలిపినది 10 సెంటీమీటర్ల మందం వేసి అణచాలి. పైన 6 మిల్లీమీటర్ల చిప్స్, డస్టు కలిపిన మిశ్రమం 5 సెంటీమీటర్లు. ఒక్కో పొర తడిపి విడిగా అణచాలి, రెండూ ఒకేసారి పోసి పైన తిప్పితే అడుగు పొర వదులుగానే ఉండిపోతుంది.

సరుకు లెక్క ఇది. అడుగు పొర అణిగాక 15 ఘనపు మీటర్లు. అణిగే భాగానికి 30 శాతం కలిపితే 19.5, అంటే 690 ఘనపు అడుగులు. ట్రాక్టరు ట్రిప్పుకు వంద ఘనపు అడుగుల లెక్కన ఏడు ట్రిప్పులు. పై పొర 7.5 ఘనపు మీటర్లు, 30 శాతం కలిపితే సుమారు 345 ఘనపు అడుగులు, మూడున్నర ట్రిప్పులు. వాగు గులకరాళ్లు చవకగా వస్తాయన్నా తీసుకోవద్దు. గుండ్రటి రాయి ఒకదానికొకటి పట్టుకోదు, దొర్లుతూనే ఉంటుంది. క్రషర్ రాయికి కోణాలుంటాయి కనుక బిగుసుకుంటుంది.

సరుకు దిగగానే పరీక్షించండి. లీటరు సీసాలో మూడో వంతు సరుకు వేసి, నిండా నీళ్లు పోసి, గట్టిగా కుదిపి, గంటసేపు కదపకుండా ఉంచండి. రాయి, ఇసుక మీద బంకమట్టి పొర పలుచగా ఉంటే ఫర్వాలేదు, గట్టి పడటానికి కొంచెం కావాలి కూడా. వేసిన సరుకులో ఐదో వంతుకు మించి మెత్తటి మట్టే ఉంటే తిప్పి పంపండి. వానకు బురద, ఆ తర్వాత కలుపు. గడ్డి వేళ్లు కనిపించే మొరం అసలే వద్దు.

వాలు చాలా ముఖ్యం. బాట మధ్య భాగం అంచుల కన్నా రెండు సెంటీమీటర్లు ఎత్తుండాలి. నీళ్లు నిలిచిన చోట మెత్తటి మట్టి పేరుకుంటుంది, మీ మొదటి కలుపు అక్కడే వస్తుంది. బాట పొడవునా వాలున్న చోట పది పదిహేను మీటర్లకొకటి చొప్పున ఏటవాలుగా రాతి అడ్డు పెట్టి నీటిని పక్కకు మళ్లించండి. లేకపోతే వాన కంకరను కిందికి కడిగేసి, అడుగున మట్టి దిబ్బ వేస్తుంది.

అంచులకు తాడిపత్రి బండ ముక్కలు మీకు దగ్గరలోనే దొరుకుతాయి. నిలువుగా 20 సెంటీమీటర్లు నేలలోకి దింపండి, పై అంచు బాట మట్టానికి సమానంగా ఉండాలి. పైకి లేచి ఉంటే ఆకు, నీళ్లు అక్కడే ఆగుతాయి. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలా అని చాలామంది అడుగుతారు. నల్లరేగడిలో కంకర నేలలోకి కుంగకుండా అది పనికొస్తుంది. ఎర్ర గట్టి నేలలో అవసరం లేదు. కలుపు కోసమైతే ఎక్కడా వేయకండి.

మూడేళ్లకోసారి పైన 2.5 సెంటీమీటర్ల కొత్త సరుకు వేయాల్సి వస్తుంది. మీ బాటకు అది నాలుగు ఘనపు మీటర్ల లోపు, అణిగేదానికి కలుపుకుంటే సుమారు 170 ఘనపు అడుగులు. వేసే ముందు పాత పొర మీది మట్టిని, ఆకు నలుసును గీకి తీసేయాలి. మురికి పొర మీద కొత్త కంకర పోస్తే ఏడాది తిరక్కుండా గడ్డి దాన్ని చీల్చుకుని వస్తుంది, ఖర్చు వృథా.

ప్రశ్న: గోదావరి గట్టు మీది మా నడక దారికి రెండు పక్కలా గరిక. అది బాట మీదికి పాకుతోంది. బ్రష్ కట్టర్ తెప్పించాం, రాళ్లు ఎగిరి ఒకరికి మోకాలికి తగిలింది. ఇంకో సందేహం, బాట మీద మొలిచినవన్నీ తీసేయాల్సిందేనా? వేప మొక్కలు, నీలి పూల చిన్న మొక్కలు పీకడానికి చేతులు రావడం లేదు.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గరికను అంచున ఉండనివ్వండమ్మా. గట్టు మట్టిని వానకు జారకుండా పట్టి ఉంచేది అదే, దాన్ని పూర్తిగా తీస్తే గట్టే కోసుకుపోతుంది. బాట మీదికి రాకుండా హద్దు గీయడమే మీ పని. అంచు వెంట తాడు కట్టి, పదునైన పారను నిలువుగా నాలుగు అంగుళాలు దింపుతూ పోండి. బాట వైపు తెగిన తీగలను లాగేయండి. తీగ ముక్క ఒక్క కణుపుతో మిగిలినా వేరు పోస్తుంది కాబట్టి ఏరడం బద్ధకించకూడదు. వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి చాలు. వినాయక చవితికి ముందు పెట్టుకుంటే గరిక కోసం వచ్చేవాళ్లు సగం పని చేసిపెడతారు.

బ్రష్ కట్టర్‌ను కంకరకు ఆనించకూడదు. నైలాన్ తీగైనా బ్లేడైనా రాయిని తూటాలా విసురుతుంది. కంకరను ఆనుకున్న అడుగు మేర కొడవలితో కోయించి, ఆ అవతలి గడ్డికే యంత్రం వాడించండి. నడిపే మనిషికి కళ్లద్దాలు, మోకాలి కింది దాకా బూట్లు ఉండాలి. చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు, అంటే వాకింగ్ వేళల్లో అసలు వద్దు. గడ్డిని నేలకంటా కోయక నాలుగు అంగుళాలు వదిలించండి. పాము ఉంటే కనబడుతుంది, నేలా కప్పి ఉంటుంది.

మీ చేతులు రాకపోవడం సరైనదే. నీలి పూల చిన్న మొక్క విష్ణుక్రాంతం అయి ఉంటుంది. ఇక్కడిదే, నేలకు అంటుకుని పెరుగుతుంది, నడకకు అడ్డు రాదు. గడ్డి చామంతి బయటి నుంచి వచ్చిందే అయినా సీతాకోకచిలుకలు దాని మీద బాగా వాలతాయి. అంచున నాలుగు ఉంటే నష్టం లేదు, నడిచే చోట ఉంటే తీయండి. వేప, కానుగ మొలకలు బాట మధ్యలో పెరగకూడదు. వాటిని నాలుగాకులప్పుడే తడి నేలలో వేరుతో సహా తీసి కవర్లో నాటితే బతుకుతాయి, జానెడు దాటాక తల్లివేరు తెగుతుంది. వయ్యారిభామ, పల్లేరు, సుబాబుల్, ముళ్ల తోటకూర, మరులమాతంగి మాత్రం ఎక్కడ కనిపించినా తీయాల్సినవే.

చివరగా, మార్చి నుంచి ఆగస్టు మధ్య కంకర గీకే ముందు ఒకసారి బాటంతా నడిచి చూడండి. తీతువు పిట్ట గూడు కట్టదు, రాళ్ల మధ్య చిన్న గుంతలోనే మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. అవి అచ్చం కంకరలా మచ్చలతో ఉంటాయి, మనిషి కంటికి ఆనవు. పిట్ట మీ తల మీదుగా అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లు దగ్గర్లో ఉన్నట్టే. చుట్టూ రెండు మీటర్ల మేర రాళ్లు పేర్చి గుర్తు పెట్టి, నెల రోజులు ఆ మేరకు పని ఆపండి. పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే లేచి నడుస్తాయి, ఆ తర్వాత గీక్కోవచ్చు.